వెండి కింద నలుపు

విమానం రెక్క మీద నల్లటి మచ్చ కనిపించగానే లెక్కల టీచరమ్మ క్లబ్బు వరండాలోనే ఆగిపోయింది.

మధ్యాహ్నంలోగా బొమ్మను హాల్లో బల్ల మీద పెట్టకపోతే బొమ్మల తయారీ పోటీలోకి తీసుకోరు.

జానెడు విమానం అది. ఆమె భర్త చివరిగా చేసిన బొమ్మ. పాత రోజుల్లో విమానాలకు రంగు వెయ్యకుండా వదిలేస్తే రేకు ఎలా మెరిసేదో, అచ్చం అలా మెరవాలని ఏడాదంతా దాని ముందే కూర్చున్నాడు. పూర్తి చేశాడు. పోటీ దాకా మాత్రం ఉండలేదు.

అందుకే ఆమె తెచ్చింది. ఎప్పుడూ ఈ గడప తొక్కని మనిషి.

తెచ్చే ముందు దుమ్ము దులిపింది. వెండిలా ఉంది కదా అని, వెండి గిన్నెలు తోమే పొడితోనే తుడిచింది.

ఇంటి మసక వెలుతురులో బాగానే ఉంది. ఇక్కడ వరండా ఎండలోకి వచ్చేసరికి వెండి పోయిన చోట నలుపు నవ్వుతోంది.

వరండా చివర చిన్న చిన్న మరమ్మతుల కోసం ఒక బల్ల వేసి ఉంది. రంగు చల్లే గొట్టం, టేపు చుట్టలు, సీసాలు. పక్కన ఒక పెద్దాయన నారింజపండు ఒలుచుకుంటున్నాడు. ఆ బల్ల చూసుకునే మనిషే కాబోలు అనుకుంది.

"అన్నయ్యగారూ, చేతులారా పాడుచేసుకున్నాను. ఏమైనా దారి ఉందా?"

పెద్దాయన చేతులు తుడుచుకుని రెక్కను ఎండకు ఎత్తి చూశాడు. దేనితో తుడిచారని అడిగాడు. ఆమె చెప్పింది.

"నయం. చింతపండు పెట్టలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందని అప్పుడే గుర్తొచ్చింది.

అసలు లోపల ఈ నలుపేమిటని అడిగింది. వెండి రంగుకు సొంత మెరుపు ఉండదని చెప్పాడాయన. కింద అద్దంలాంటి నలుపు వేసి, దాని మీద వెండిని పొగమంచులా పలచగా చల్లితేనే రేకులా మెరుస్తుందట. నలుపులో వెంట్రుకంత గీత ఉన్నా పైన దాగదట.

"ఈ నలుపుకు మీ పొడి దెబ్బ కూడా తగల్లేదు. వేసిన చెయ్యి మంచి చెయ్యి."

"ఆ మాట మావారు ఉండగా ఎవరూ అనలేదు. అనాల్సినవాడు అసలే అనలేదు."

పెద్దాయన టేపు ముక్కలు కత్తిరించాడు. మచ్చ చుట్టూ అంచు తప్పకుండా అతికించాడు. వెండి రంగు కలిపి, గొట్టం మాత్రం ఆమె చేతికిచ్చాడు.

ఆమె కంగారుపడింది. తాను బళ్ళో లెక్కలు చెప్పిన మనిషినని, తాను చేస్తే ఉన్నదీ పోతుందని అంది.

"బొమ్మ తెచ్చినవాళ్ళు తప్ప బయటివాళ్ళు రంగు వెయ్యకూడదమ్మా, అది ఇక్కడి నియమం. రెక్క నేను పట్టుకుంటాను. బోర్డు మీద సుద్దముక్కతో గీత గీస్తారు చూడండి, అలా. మధ్యలో ఆగకండి."

ఆమె చల్లింది. మొదటి పూత ఊపిరి తగిలిన అద్దంలా పరుచుకుంది.

అది ఆరేలోగా ఆమె కడుపులో ఉన్నదంతా చెప్పుకొచ్చింది. ఇక్కడ మార్కులు వేసే ఒకాయన ఉన్నాడట. క్లబ్బులో అందరూ భూతద్దం అంటారట. ఏటా తన భర్త బొమ్మలకు మార్కులు కోసేవాడట. ఒక ఏడైతే, రేకులన్నీ ఒకేలా మెరుస్తున్నాయి, ఇది విమానమా గరిటా అన్నాడట. ఆ పూట ఇంట్లో గిన్నె మీద మూత తీసినవాళ్ళు లేరు.

"మెరవకపోతే తప్పు. మెరిసినా తప్పేనా అన్నయ్యగారూ?"

"పాడు నోరు," అన్నాడు పెద్దాయన.

"బహుమతి రాకపోయినా ఫర్వాలేదు. ఆ మనిషికి మావారంటే పడదు. ఈ ఒక్క బొమ్మకైనా న్యాయం జరిగితే చాలు."

ఆయన రెండో పూతకు రంగు కలుపుతూ, మీరు పిల్లలకు ఊరికే మార్కులు వేసేవారా అని అడిగాడు.

"అర మార్కు కూడా వేసేదాన్ని కాదు," అంది గర్వంగా. తానన్న మాట తన చెవినే పడి, గొట్టం అందుకుని రెండో పూత చల్లింది.

రెండో పూత ఆరుతుంటే పెద్దాయన విమానాన్ని మెల్లగా తిప్పి చూశాడు. ఇంజను దగ్గర రేకు వేడికి కమిలినట్టు ఉంది. తలుపు పక్కది మీగడలా తెల్లగా ఉంది. తోక దగ్గరది కాస్త నీలి ఛాయ తిరిగింది. పక్కపక్కనున్న ఏ రెండు రేకులూ ఒకేలా మెరవడం లేదు.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఏమైనా తప్పుందా?" అంది ఆమె భయంగా.

"లేదు చెల్లెమ్మా. ఎక్కడా లేదు."

టేపు తీశాక మచ్చ ఎక్కడుండేదో ఆమెకే తెలియలేదు. మీరూ లోపలికి రండి అని పిలిచింది. చేతులు కడుక్కుని వస్తానన్నాడు.

హాల్లో విమానం బల్ల మీదికి చేరింది. అటుగా వెళ్తున్నవాళ్ళు ఆగి, వంగి, మళ్ళీ చుట్టూ తిరిగొచ్చి చూస్తున్నారు. ఒకాయన తన బొమ్మ దగ్గరికి పోకుండా దీని దగ్గరే నిలబడిపోయాడు. ఆమె ఆ మొహాలు చూస్తూ నిలబడింది. గుండె నిండింది గానీ బెరుకు పోలేదు.

పేర్లు పిలిచే కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, ఆ భూతద్దం గారు ఎప్పుడొస్తారని అడిగింది. ఆయన మార్కులు వేసేటప్పుడు ఎదురుగా నిలబడతానంది.

"ఆయన ఈసారి మార్కులు వెయ్యరమ్మా. పొద్దున వరండాలో పోటీ బొమ్మ ఒకదాని రెక్క పట్టుకున్నానని, ఇక తాను తీర్పు చెప్పకూడదని ఇప్పుడే ఇంటికెళ్ళిపోయారు," అన్నాడు కార్యదర్శి. "ఏ బొమ్మో మాత్రం చెప్పలేదు, చెబితే మిగతావాళ్ళు మొహమాటానికి మార్కులు వేస్తారట."