రెండో వైపు బటన్

కటింగ్ మిషన్ని వడ్రంగి కుడిచేత్తో పట్టుకుని చూశాడు.

షాపులో నలుగురూ ఉన్నారు మరి.

అతనిది పుర్రచేతి వాటం. పని నేర్పిన మేస్త్రీ ఆ చేతి కణుపుల మీద స్కేలుతో కొట్టీ కొట్టీ వాటం మార్చలేకపోయాడు గానీ, సిగ్గు మాత్రం బాగా నేర్పాడు. పనిలో ఎడమచెయ్యి, పరాయివాళ్ల ముందు కుడిచెయ్యి.

పదహారేళ్లు ఎవరి దగ్గర పనిచేశాడో ఆ కాంట్రాక్టరు అతన్ని మిషన్ ముట్టుకోనివ్వలేదు. "పుర్రచేతివాడికి మిషనిస్తే నా పీకకి చుట్టుకుంటుంది" అనేవాడు. పోయిన వారం ఆ పని మానేశాడు వడ్రంగి. సొంతంగా మొదటి పని దొరికింది, ఒక బడికి నలభై బెంచీలు. మిషన్ కుదిరితే తనే మేస్త్రీ. కుదరకపోతే మళ్లీ ఆ కాంట్రాక్టరు గుమ్మమే.

"ఇది ప్యాక్ చెయ్యండి," అన్నాడు షాపావిడతో.

"అది నీకు పనికిరాదు బాబూ."

కిటికీ పక్కన, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చున్న పెద్దాయన అన్న మాట అది. వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాడు వడ్రంగి, ఆయన ఎడమచెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు. మహారాజు ఫోజు ఒకటి, అనుకున్నాడు.

"ఎందుకు పనికిరాదు?"

"పెన్సిల్ ఎడమచెవి మీద పెట్టుకున్నావు కదా."

వడ్రంగి చెవి తడుముకున్నాడు. పక్కనున్న భార్య నవ్వు ఆపుకుంది.

"ఎడమచేత్తో పట్టుకో. సిగ్గెందుకు, నీ చెయ్యేగా."

పట్టుకున్నాడు. మిషన్ తిరగాలంటే ముందు బొటనవేలితో సేఫ్టీ బటన్ నొక్కాలి, ఆ తర్వాతే స్విచ్చి. ఆ బటన్ కుడిచేతి బొటనవేలికి అందేచోట ఉంది. ఎడమచేతికి అవతలి వైపైంది. ఎంత చాపినా వేలు సరిగా అందలేదు.

"అలవాటవుతుందిలెండి."

"ఏమీ అవదు. పదిరోజులు చూసి, విసుగొచ్చి, బటన్ నొక్కేసి పైన టేపు చుట్టేస్తావు. మనవాళ్లంతా చేసేదే. ఇక స్విచ్చికి వేలు తగిలితే చాలు, తిరుగుతుంది. పై అరలో ఉంది చూడు, అది తీసుకో. దానికి రెండు వైపులా బటన్ ఉంటుంది."

పై అరలోది ఇంకా ఖరీదు. వడ్రంగికి ఒళ్లు మండింది.

"మీరెప్పుడైనా మిషన్ పట్టారా?"

"కొన్నాళ్లు."

"చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇంతకీ మీకు కమీషనెంత?"

షాపావిడ ఏదో అనబోయింది. పెద్దాయన కుడిచెయ్యెత్తి ఆపాడు.

"బాగానే ముడుతుందిలే," అని నవ్వి, మెల్లగా లేచి బయటికి నడిచాడు.

వడ్రంగి అప్పటికీ కింది మిషన్ వదల్లేదు. భార్యే దాన్ని అతని చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"పైది తీసుకోండి. ఆయన కమీషన్ ఆయనది, వేళ్లు మాత్రం మనవి."

పైదే కొన్నాడు. మొదటి చెక్క ఎడమచేత్తోనే కోశాడు. గీత పక్కనే, గీతకి తగలకుండా, చివరిదాకా తిన్నగా వెళ్లింది బ్లేడు. చిన్నప్పుడు దెబ్బలు తిన్న చెయ్యి అది. వడ్రంగికి కళ్లు చెమర్చాయి, రంపంపొట్టు పడిందని సర్దిచెప్పుకున్నాడు.

ముప్ఫయ్యో బెంచీ దగ్గర, తొందరలో మిషన్ని స్విచ్చి మీద వేలేసి ఎత్తాడు. బ్లేడు తొడకి ఆనుకుని ఉంది. వేలు బిగుసుకుంది.

బ్లేడు తిరగలేదు. బటన్ నొక్కలేదు కదా.

మిషన్ని మెల్లగా కింద పెట్టాడు. వెళ్లి సంగతి భార్యకి చెప్పాడు.

"కాలు జారితే తీసుకోవచ్చు. మీరు నోరు జారారు," అంది ఆమె. "వెళ్లి ఆయన్ని కలవండి."

ఊరికే ఎలా వెళ్తాడు? బెంచీల్లో మిగిలిన చెక్కతో ఒక స్టూలు చేశాడు. పెద్దాయన మోకాళ్లకి తగ్గ ఎత్తు పెట్టాడు, అంచులు నున్నగా గుండ్రం తిప్పాడు.

షాపులో రంగు డబ్బా ఖాళీగా ఉంది.

"పెద్దాయన రాలేదా?"

"పోయి మూడు వారాలైందండీ," అంది షాపావిడ.

వడ్రంగి స్టూలు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆయన మీకు బంధువా?" అని అడిగాడు.

"ఏమీ కారు. పై అరలో ఆ మిషన్ ఎప్పుడూ ఒకటి ఉంచమనేవారు. అది ఎవరికి కావాలో వాళ్ల చెవి చూసి చెప్పేవారు. అది అమ్ముడైన రోజు ఈల వేసుకుంటూ ఇంటికెళ్లేవారు. ఆయనకి ముట్టేది అంతే."

ఆమె సొరుగులోంచి ఒక పాత ఫైలు తీసి ఇచ్చింది. మిషన్లు చేసే కంపెనీకి పెద్దాయన రాసిన ఉత్తరాల నకళ్లు. మొదటిది ఒకటో తరగతి పిల్లాడి రాతలా వంకరటింకరగా ఉంది: "బటన్‌కి టేపు చుట్టింది నేనే, తప్పు నాదే. కానీ పుర్రచేతివాడికి అందేచోట ఇంకో బటన్ ఉంటే చుట్టేవాణ్ణి కాదు." ఉత్తరం తర్వాత ఉత్తరం, రాత కుదురుకుంటూ వచ్చింది.

వడ్రంగి స్టూలుని కిటికీ పక్కన దించి, ఫైల్లో చివరి కాగితం తిప్పాడు.

అది కంపెనీ జవాబు: "అయ్యా, కుడిచేత్తో రాయడం కొత్తగా నేర్చుకుని పదకొండేళ్లుగా మీరు అడుగుతున్నట్టే మిషన్‌కి రెండో వైపు కూడా బటన్ పెడుతున్నాం, మీ ఎడమచేతి వేళ్లకి మాత్రం ఆలస్యమైపోయింది."