తాళాల సార్

వెంకట్రాజం చెయ్యి చాచి మగ్గం ఆపేశాడు.

నడుస్తున్న మగ్గం. బట్ట ఇంకా సగం కూడా దిగలేదు.

పర్శరాములుకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకు బంద్ జేసిన్రు సార్?"

"ఈ సాంచెల పని అయిపోయింది పర్శరాములు. కొత్తయి తెప్పిస్తున్న. అప్పటిదాక మీరంత నూలు వడికే ఖాతాల పనిజెయ్యాలె."

"నాకు నేసుడు తప్ప ఇంకో పని రాదు."

"నేర్పిస్తం."

తండ్రి గట్టయ్య ఈ మగ్గం మీదే ముసలివాడయ్యాడు. నేతగాళ్ల పేట కాశిబుగ్గలో పుట్టిన మనిషికి ఈయన పని నేర్పిస్తాడట!

మిల్లును కొత్త దారి పట్టించే ఆఫీసరని చెప్పి బొంబాయి హెడ్డాఫీసు ఎనభై ఒకటిలో వెంకట్రాజాన్ని పంపింది. అంతకుముందు రెండు ఊళ్లలో మిల్లులను బాగుచేయబోయి, చివరికి వాటికి తాళాలే వేశాడన్న కబురు ఆయనకన్నా ముందే వరంగల్ చేరింది. ఆయన క్యాంటీన్‌లోకి వస్తే అందరూ టీ గ్లాసులు పట్టుకుని లేచిపోయేవాళ్లు. చాటుగా 'తాళాల సార్' అనేవాళ్లు.

ఆ రోజుతో చాటు కూడా పోయింది.

షెడ్డు షెడ్డంతా ఆయన గది ముందు బైఠాయించింది. దారం చుట్టే మల్లవ్వ కొంగు బిగించి లేచింది.

"మా నోట్లె మన్ను గొట్టనీకే ఒచ్చినవా?"

"కాదమ్మా."

"మరి ఆ రెండు మిల్లులకు తాళాలెవరేసిన్రు?" పర్శరాములు గద్దించాడు.

వెంకట్రాజం తల దించుకున్నాడు. "నేనే."

"ఇది మూడోదా?"

"జర ఓపిక పట్టుండ్రి. అన్ని ఇప్పుడు జెప్పలేను."

"ఎట్ల జెప్తవ్? కడుపుల విషం బెట్టుకున్నోడివి!"

పర్శరాములు ఆయన చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. ఎవరో చెప్పుల దండ తెచ్చి మెడలో వేశారు. బజారంతా తిప్పుకుంటూ స్టేషన్‌కు నడిపించారు. ఆయన ఎదురు తిరగలేదు. పోలీసులను పిలవలేదు.

రైలు కదిలేటప్పుడు మాత్రం కిటికీలోంచి, "పర్శరాములు, కొత్త సాంచెలు తొవ్వల ఉన్నయి. వాపసు పోనియ్యకుండ్రి. ఎట్లనన్న దించుకోండ్రి" అన్నాడు.

పర్శరాములు ఆ కిటికీ మీద ఉమ్మేశాడు.

సాయంత్రం మిల్లు గేటు ముందు డప్పులు మోగాయి. పర్శరాములును భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు.

వారం తిరగకముందే లారీలొచ్చాయి. కొత్త మగ్గాలు గేటు దాటనేలేదు. హెడ్డాఫీసు నుంచి తంతి రావడంతో వచ్చిన దారినే మళ్లిపోయాయి.

వాటి వెనకే కొత్త ఆఫీసరొచ్చాడు. వచ్చిన పూటే పనివాళ్లందరినీ బయటికి పంపి, గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాడు.

పర్శరాములు గేటు పట్టుకుని ఊపేశాడు. గొంతు చిరిగిపోయేలా అరిచాడు.

"ఇదంత ఆ ఎంకట్రాజం పెట్టిన చిచ్చే! మిల్లు మూసెయ్యుమని మీకు నూరిపోసింది వాడే గద!"

కారెక్కబోతున్న కొత్త ఆఫీసరు ఆగి, వింతగా చూశాడు.

"ఆయనా? ఆయన్ని మేం పంపిందే మూసెయ్యడానికి. మీరు రైలెక్కించేదాకా, మూయనంటే మూయనని మాతో కొట్లాడింది ఆయనొక్కడే."