పేరు చివర

"చిజురు చాన్, ఇంకొంచెం చేప వేసుకుంటావా?"

తొమ్మిదేళ్ల చిజురు గిన్నె కింద పెట్టేసింది.

"నన్ను చాన్ అనొద్దు. మా నాన్న ఒక్కడే అలా పిలవాలి."

నాన్న సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాక రెండేళ్లయింది. ఎదురుగా కూర్చున్నది తొగాషి. సకాతా రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. అమ్మను పెళ్లి చేసుకుని ఆ ఇంట్లోకి వచ్చి రెండు రోజులే.

అతను తినడం ఆపి తల వంచాడు.

"తప్పయింది, చిజురు సాన్. ఇంకొంచెం వేసుకుంటారా?"

అమ్మకు నవ్వాగలేదు.

"ఇదేంటండీ! ఇంత పిల్లని పట్టుకుని సాన్ అంటారా?"

"చాన్ వద్దంది కదా. ఇంకేమనాలి మరి?"

మా జపాన్‌లో పేరును ఊరికే పలకం. చివర చాన్ చేరిస్తే ముద్దు. సాన్ చేరిస్తే మర్యాద, కాస్త దూరం కూడా. ఏమీ చేర్చకుండా ఉత్త పేరు పెట్టి పిలిచేది సొంతవాళ్లనే. బయటివాళ్లతో మన మనిషి గురించి చెప్పేటప్పుడూ అంతే.

ఆ రోజు మొదలు తొగాషి నోట అది చిజురు సానే అయింది.

బడిలో ఆటల రోజు వచ్చింది. తండ్రులందరూ తాడు అవతల నిలబడి అరుస్తున్నారు.

"కియోయే, పరిగెత్తవే!"

"చూస్తావేంటి నవోమీ, దూకు!"

వాళ్ల మధ్య నుంచి తొగాషి గొంతు.

"చిజురు సాన్, మెల్లగా వెళ్లినా పర్లేదండీ!"

మైదానమంతా గొల్లున నవ్వింది.

"మీ ఇంట్లో అద్దెకుంటున్నాడా ఆయన?" అని ఏడిపించారు పిల్లలు.

చిజురు వారం రోజులు అతనితో మాట్లాడలేదు. మరుసటి ఏడాది తొగాషి గేటు బయటే నిలబడి చూశాడు.

పద్దెనిమిదేళ్లకు చిజురుకి సెందాయ్ నగరంలో ఉద్యోగం దొరికింది. స్టేషన్‌కి సంచి మోసుకొచ్చింది తొగాషే.

రైలు కదలబోతోంది. ఈ ఒక్కసారైనా ఉత్త పేరు పెట్టి పిలవొచ్చు కదా అనిపించింది చిజురుకి. కానీ అడగడానికి నోరు రాలేదు.

అతను కిటికీ దగ్గరికి వచ్చాడు.

"చిజురు..."

ఆమె ఊపిరి బిగబట్టింది.

"...సాన్. చలి జాగ్రత్తండీ."

"సరే, తొగాషి సాన్."

ఏళ్లు గడిచాక అమ్మ పోయింది. తొగాషి వృద్ధాశ్రమంలో చేరాడు. చిజురు పెళ్లి చేసుకోలేదు. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం, ఒంటరి గది. ఆదివారం ఒక ఫోను.

"తిన్నారా, తొగాషి సాన్?"

"తిన్నాను, చిజురు సాన్. మీరు?"

"తిన్నాను."

అంతే. పండక్కో ఏడాదికో వెళ్లినా అవే మాటలు.

షాపులో అందరూ ఇంటిపేరుతోనే పిలుస్తారు. వారం మొత్తంలో ఆమె సొంత పేరు పలికేది ఆ గొంతు ఒక్కటే. పలికి, వెంటనే మర్యాదగా దూరం జరిగేది.

ఫిబ్రవరిలో, ఆయనకు బాగాలేదని ఆశ్రమం ఆఫీసు నుంచి కబురొచ్చింది. మంచు వల్ల రైళ్లు ఆలస్యం. ఆమె చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఆయన పొద్దున్నే పోయారు.

గదిలో కొత్త ఆయా ఒకామె దుప్పటి సర్దుతోంది.

"మీరు ఆయనకేమవుతారండీ?"

"మా అమ్మ ఆయన్ని రెండో పెళ్లి చేసుకుంది."

"అలాగా. మరి కూతురుగారు ఇంకా బయల్దేరలేదా?"

"ఆయనకు పిల్లల్లేరు."

"అయ్యో, ఎందుకు లేరండీ! సెందాయ్‌లో ఉందిగా. చిన్నప్పుడు ఒకసారి వానలో రేవు దాకా నడిచొచ్చి, ఆయన చేతిలో గొడుగు పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయిందట. ఆ గొడుగు కథ వారానికోసారైనా వినాల్సిందే మేము."

చిజురుకి ఆ గొడుగు గుర్తే లేదు.

"ఆమెను... చిజురు సాన్ అనేవారా?"

ఆయా నవ్వేసింది.

"భలేవారే! కన్నకూతురికి ఎవరైనా సాన్ తగిలిస్తారా? మా చిజురు, మా చిజురు... అంతే. ఇవాళ పొద్దున కూడా అదే మాట."

చిజురు గుమ్మం దాటి మంచం దగ్గరికి వచ్చింది.

ఆయా మంచం పక్కకి కుర్చీ జరిపి, గొంతు తగ్గించి అడిగింది:

"ఏమీ అనుకోకపోతే, ఆ కూతురు వచ్చేదాకా వాళ్ల నాన్న దగ్గర మీరు కాసేపు కూర్చుంటారా?"