బోర్డు తెర తీసేదాకా

మా ఊరి మేకలన్నింటికీ ఇదే ఆఖరి హెచ్చరిక: మంత్రి సారు వచ్చి బోర్డు మీది తెర తీసేదాకా తోరణం మామిడాకులను ఏ మేకా నమలరాదు.

ఆ బోర్డు మీద ‘వలసలు లేని గ్రామం’ అని రాసి ఉంది. ఆ బిరుదు దక్కిన ఊరికే కొత్త ఇండ్లు ఇస్తారట.

సరిగ్గా సారు దండలు వేయించుకుంటుండగా పుణె నుంచి అంబులెన్సు వచ్చింది. అందులో కురుమయ్య శవం, పక్కన భార్య సుక్కమ్మ. కూలికి పోయిన కురుమయ్య అక్కడ కడుతున్న మేడ మీది నుంచి పడ్డాడు.

అధికార పార్టీవాళ్లు పొలిమేరలోనే బండికి అడ్డం నిలబడ్డారు. “జర ఆగు చెల్లె, సారును పోనీ.”

ప్రతిపక్షంవాళ్లు ఉరికొచ్చారు. “ఆగుడేంది? తీస్కపోయి బోర్డు కిందనే పండబెడదాం పా.”

“బతికున్నప్పుడు ఒక్కడు పని చూపియ్యలే. సచ్చినంక మీ అందరికీ పనికొచ్చిండా నా మొగడు?” అన్నది సుక్కమ్మ.



ఇందులో ఒక్కటి నా కల్పన. సుక్కమ్మ ఆ మాట అనలేదు. అంటే బాగుండునని నేనే అల్లాను.

ఆమె మెల్లగా డ్రైవర్‌తో అన్నది ఇదీ: “బండి చెట్ల చాటుకు పెట్టు అన్నా. గీయన పుణె పోయిండని సారుకు తెలిస్తే మా పిల్లలకు ఇల్లు రాదు.”