గుర్రు పెట్టని కాపలాదారు

"కట్!" దర్శకుడు గొంతు చించుకున్నాడు.

అది ఏడో టేకు.

"తాతా, నీకు దండం పెడతాను. కళ్లు మూసుకుని గుర్రు పెట్టమన్నాను. గుడ్లగూబలా చూడమనలేదు!"

కుర్చీలో కాపలాదారు యూనిఫాంతో ఉన్న ముసలాయన తల దించుకున్నాడు. "నా వల్ల కావడం లేదు బాబూ."

పొద్దున్నే ఆ యూనిఫాంతోనే వచ్చి కూర్చున్నాడాయన. ఏజెంటు పంపిన మనిషే అనుకుని ఎవరూ పేరైనా అడగలేదు.

యాభై ఏళ్ల కిందట పట్టపగలు ఓ క్లబ్బులోంచి ఫుట్‌బాల్ బంగారు కప్పు పోయింది. కాపలావాడు గురక పెడుతుంటే దొంగలు అతని కాళ్లు దాటుకుంటూ పట్టుకుపోయారని పత్రికలన్నీ రాశాయి. ఆ గురక చుట్టూనే దర్శకుడు నవ్వుల సినిమా అల్లాడు.

సాయంత్రం సెట్టు విప్పేస్తారు. ఈలోగా ఈ సీను పండకపోతే నిర్మాత అతని మొహం మళ్లీ చూడడు.

"ఏం, నువ్వసలు నిద్రే పోవా?"

"డ్యూటీలో పోను బాబూ."

సెట్టంతా గొల్లుమంది.

"ఇది డ్యూటీ కాదయ్యా మహానుభావా, సినిమా!"

"ఎదురుగా కప్పుంది గదా," అన్నాడు ముసలాయన, అట్టముక్కకు బంగారు రంగు పూసి చేసిన కప్పు వంక చూస్తూ.

లైట్ల వేడికి ఈగలు కూడా చెమటలు పట్టి గోడ మీంచి జారిపోతున్నాయి. ముసలాయన నుదుటి మీద మాత్రం చుక్క తడి లేదు.

"రెప్ప కూడా వేయడం లేదు సార్," కెమెరామన్ మెల్లగా చెవిలో ఊదాడు.

దర్శకుడు ఆ కళ్లలోకి చూసి చటుక్కున చూపు తిప్పుకున్నాడు. బెదురును కోపంతో కప్పేసుకున్నాడు.

"లే! నీలాంటి మొద్దును నా జన్మలో చూడలేదు. నడు బయటికి!"

ముసలాయన లేచాడు. "కాపలావాడు నిద్రపోయినట్టు తీయకండి బాబూ. నలుగురూ నవ్వుతారు."

"నవ్వాలనేగా నా ఏడుపు!"

ఆయన వెళ్లిపోయాడు. తలుపు చప్పుడైనట్టు ఎవరికీ గుర్తు లేదు.

అసిస్టెంటుకే తెల్ల మీసం అతికించి కూర్చోబెట్టారు. ఒక్క టేకులో గురక అదిరిపోయింది. నవ్వలేక అందరూ పొట్టలు పట్టుకున్నారు. గండం గడిచిందనుకున్నాడు దర్శకుడు.

సెట్టు విప్పుతుండగా ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది.

"నేను ఆ కాపలావాడి కూతుర్ని సార్. మా నాన్న సీను మార్చండి, పుణ్యముంటుంది."

"అయిపోయిందమ్మా. అయినా పేపర్లో వచ్చిందేగా తీశాం?"

"కప్పు అమ్ముకున్నది క్లబ్బు పెద్దలే సార్. తలుపుకి అడ్డం నిలబడ్డాడని మా నాన్న తల పగలగొట్టారు. నిద్రపోయాడని పేపర్లకి చెప్పిందీ వాళ్లే."

దర్శకుడు వాచీ చూసుకున్నాడు. ఆవిడ సంచిలోంచి ఒక పాత ఫొటో తీసింది.

"ప్రాణం పోయాక కూడా ఆ కళ్లు మూయడం మా వల్ల కాలేదు సార్," అంటూ ఆవిడ అందించిన ఫొటోలోంచి, ఇందాక దర్శకుడు మొద్దు అని గెంటేసిన ముసలాయన రెప్ప వేయకుండా అతన్నే చూస్తున్నాడు.