రెండో మంచం

తెలుగు ముందే నేర్చుకుని నార్వే నుంచి కిన్వట్ మిషన్ దవాఖానకు సేవకు వచ్చిన ఇంగ్రిడ్ పది రోజుల్లోనే ఇక్కడి యాసలో మాట్లాడడం, జొన్నరొట్టె తినడం, ముసలివాళ్లను కాకా అని పిలవడం నేర్చుకుంది. వంటామె నర్సవ్వ రోజూ పొద్దుగూకగానే ఆమె గదిలో రెండు నులకమంచాలు వేసి, రెండింటికీ దోమతెరలు కడుతుంటే, అనుకోని చుట్టం కోసం అదీ ఇక్కడి ఆచారం కాబోలనుకుని ఊరుకుంది.

ఆ రాత్రి గదిలో ఒక్క మంచమే ఉంది.

"ఇయ్యాల ఒక్కటే ఏసినవేంది, నర్సవ్వా? చుట్టాలు రారా?" అని నవ్వింది ఇంగ్రిడ్.

"చుట్టాలెవరమ్మా? అది మీతోని రైలు దిగినామెది గదా!"

"నేను ఒక్కదాన్నే దిగిన."

"మజాక్ చేస్తున్నరా? టేషన్ల మీ పెట్టె నేనే మోసిన. ఆమె మీ ఎనకనే నడిచింది. రోజూ మీకన్న ముందే పండుకుంటది."

ఇంగ్రిడ్ ఆ ఒక్క మంచం వైపు తిరిగింది. "మరి ఇయ్యాల?"

"రెండోది వద్దన్నది. ఇగ మీతోనే పండుకుంటదట."

నర్సవ్వ లాంతరు గూట్లో పెట్టి వెళ్లిపోయింది.

మంచం కిర్రుమంది. దోమతెర అంచు మూడు వైపులా, లోపలి నుంచే, బొంత కిందికి మెల్లగా ముడుచుకుపోయింది. నాలుగో వైపు మాత్రం ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు, ఇంగ్రిడ్ కోసం తెరుచుకునే ఉంది.