హోరిలెట్స్ శత్రువు

హోరిలెట్స్ ఊళ్ళోని నలభై ఒక్క మందీ ఒకే మనిషి అని విజ్ఞాన సర్వస్వం తేల్చేసింది.

జనమే రాసి జనమే దిద్దుకునే ఆ ఇంటర్నెట్ పుస్తకంలో మనిషికి ఒక్కటే ఖాతా ఉండాలి. దొంగ ఖాతాలు తెరవడం అక్కడ పెద్ద నేరం. ఊరి పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలన్న తగాదాలో, తమ భాషలో పలికినట్టు హోరిలెట్స్ అనే రాయాలని నలభై ఒక్క ఖాతాలు పట్టుబట్టాయి. పాత రష్యన్ పటంలో ఉన్నట్టు గోరెలెట్స్ అనే ఉండాలని ఒకే ఒక్క ఖాతా మొండికేసింది. దాని పేరు స్తెప్పె గద్ద, అంటే గడ్డిమైదానాల గద్ద. ఊరివాళ్ళు దిద్దిన గంటకల్లా గద్ద వచ్చి మళ్ళీ మార్చేసేది. ఇలా పధ్నాలుగు నెలలు.

ఆ నలభై ఒక్క ఖాతాలూ ఒకే కనెక్షన్ నుంచి వస్తున్నాయని నిర్వాహకుడు లుబోమిర్ కనిపెట్టాడు. వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే అన్నిటినీ మూసేస్తానని నోటీసు పెట్టాడు.

రిటైరైన భూగోళం టీచరు యెవ్దోకియా పిలిపివ్నా అతనికి ఫోన్ చేసింది.

"మాకున్నదే ఒక కనెక్షన్ బాబూ. నమ్మకం లేకపోతే వచ్చి తలలు లెక్కపెట్టుకో. మంగళవారం బస్సుంది."

ఆమె కంగారుకి కారణం ఉంది. బాంబులు పడి కరెంటు పోయాక ఊళ్ళో దీపం వెలిగేది పంచాయతీ గదిలో ఒక్కచోటే. ఊరి పేరు కోసం పోరాడుతున్నామని ఆమె అర్జీ పెడితే, జిల్లా ఆఫీసు ఒక జనరేటరు, ఒక యాంటెన్నా, ఒక హీటరు ఇచ్చింది. తగాదా తేలిన రోజున తిరిగి ఇచ్చెయ్యాలి. అందరి ఫోన్లూ అక్కడే చార్జింగు. పాలమ్మే మెలానియాకి యుద్ధరంగం నుంచి కొడుకు రోజూ పంపే "బాగానే ఉన్నానమ్మా" అన్న ముక్క ఆ గదిలోనే అందేది.

మంగళవారం లుబోమిర్ దిగాడు. పాతికేళ్ళుంటాయి. భుజాన సంచీ, మొహాన అనుమానం. గదినిండా తడి బూట్ల వాసన, ఊరబెట్టిన దోసకాయల వాసన.

"ఒక్కొక్కరూ నా ముందే ఖాతా తెరిచి ఒక వాక్యం రాయాలి," అన్నాడు.

ముందుగా ఎనభై మూడేళ్ళ అవ్వ వచ్చి కూర్చుంది.

"పాస్‌వర్డ్ కొట్టండి అవ్వా."

"కొడతా గానీ నువ్వు అటు తిరుగు. పెళ్ళయిన రోజున మా ఆయన్నీ ఇలాగే తిప్పాను."

"అందుకే ఆయన ఇంక ఇటు తిరగలేదు," అన్నారు వెనకనుంచి ఎవరో.

అవ్వ వాక్యానికి పదకొండు నిమిషాలు పట్టింది. తేనెటీగలు పెంచే దెమిద్ తాత రాయడం పూర్తయ్యాక పొరపాటున మొత్తం చెరిపేసి, యంత్రాన్నే తిట్టాడు. ముప్పయ్యో మనిషి వచ్చేసరికి లుబోమిర్ మూడు గ్లాసుల ఎండు బేరిపళ్ళ కషాయం తాగేశాడు. ఒక్క మనిషి ఇన్ని రకాల తప్పులు రాయలేడని అతనికి నమ్మకం కుదిరింది.

"మీరంతా వేర్వేరు మనుషులే," అని చివరికి ప్రకటించాడు. ఇకపై ఈ యాంటెన్నా నుంచి ఎన్ని ఖాతాలు వచ్చినా అనుమానించవద్దని పేజీలో రాసిపెట్టాడు. అంతా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇంకో సంగతి ఉంది. గద్ద కూడా ఈ కనెక్షన్ నుంచే రాస్తున్నాడు. వాడు ఈ గదిలోనే ఉన్నాడు."

మెలానియా చేతిలోని ఫోనును గుండెకి అదుముకుంది.

"వాడు దొరక్కపోతే?" అని అడిగింది యెవ్దోకియా పిలిపివ్నా.

"ఊరి మొత్తానికి రాసే హక్కు తీసేయాలి. తగాదా అక్కడితో సరి."

దెమిద్ తాత టోపీ తీసి లేచాడు.

"గద్దని నేనే, లుబోమిర్ గారూ. నా జనన పత్రంలో గోరెలెట్స్ అని ఉంది. అది తప్పయితే నేనెక్కడ పుట్టినట్టు? డెబ్బై నాలుగేళ్ళు ఎక్కడా పుట్టకుండానే బతికానా?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

గది భగ్గుమంది.

"ఇన్నాళ్ళూ నా పక్కనే కూర్చుని నా పొద్దుతిరుగుడు గింజలు నమిలావు కదయ్యా," అంది మెలానియా.

"నీ తేనె సీసా నీ మొహాన కొడతాను," అన్నాడొకడు.

"సగం నాకేశాక కొడతావా?" అన్నాడు దెమిద్ తాత.

యెవ్దోకియా పిలిపివ్నా తలుపు వైపు వేలు చూపించింది. ముసలాయన తలవంచుకుని మంచులోకి వెళ్ళిపోయాడు. లుబోమిర్‌కి జాలి వేసింది. అయినా నియమం నియమమే. స్తెప్పె గద్ద ఖాతాను శాశ్వతంగా మూసేశాడు.

"ముప్పై రోజులపాటు ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే హోరిలెట్స్ ఖాయం," అన్నాడు సంచీ సర్దుకుంటూ. "కొత్తవాడెవడైనా వస్తే మాత్రం కథ మళ్ళీ మొదటికే. రాకూడదనే కోరుకుందాం."

"ముప్పై రోజులు," అని యెవ్దోకియా పిలిపివ్నా కాగితం మీద రాసుకుంది. అతన్ని బస్సుదాకా సాగనంపి, ఊరి తరఫున రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది.

బస్సు కనుమరుగయ్యాక ఆమె తిరిగి వచ్చేసరికి, దెమిద్ తాత హీటరు పక్కన కాళ్ళు చాపుకుని ఉన్నాడు. మెలానియా ఆయన గ్లాసులో వేడి కషాయం పోస్తోంది.

యెవ్దోకియా పిలిపివ్నా కళ్ళజోడు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"ఏడుపు కాస్త ఎక్కువైంది గానీ గట్టెక్కించావు దెమిద్. సరే, కొత్త శత్రువుకి ఏదైనా మంచి పేరు చెప్పండర్రా, వంతు ప్రకారం ఈ నెల గోరెలెట్స్ అని మార్చాల్సింది మెలానియా."